కెమెరా మీద బొట్టు

పాత కంప్యూటర్ని గోనెసంచిలో సర్దుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. ఎవరు బయల్దేరుతున్నా సంచి సర్దేచోట ఇంకో మనిషి ఉండాలి. లేకపోతే ఏదో ఒకటి మర్చిపోతారు, దారిలో అది లేక అవస్థ పడతారు.

"వైర్లు పెట్టావా?" అని అడిగాను.

"పెట్టేనండి మామ్మగారూ."

"కీబోర్డు?"

"అదీ పెట్టేనండి. ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు అలా చూత్తారేంటండి? తుక్కు కొట్టుకెళ్తందండి ఇది," అన్నాడు పంచాయతీ జీతం మీద ఉన్న అటెండరు గంగరాజు.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"తుక్కులోకెళ్ళింది మళ్ళీ వత్తదేంటండి!"

కీబోర్డులో ఒక మీట వదులుగా ఉంది. దారిలో ఊడిపోతుందని దాని చుట్టూ పాత పేపరు చుట్టించాను. రిక్షా సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి లోపలికి వచ్చాను.

కడిమిలంక శాఖా గ్రంథాలయంలో ఆ పాత కంప్యూటరు చాలా ఏళ్ళు పనిచేసింది. పుస్తకం పేరు కొడితే ఏ బీరువాలో ఉందో చెప్పేది. చివరి రోజుల్లో తప్పు బీరువా చెప్పేది. అయినా ఏదో ఒకటి చెప్పేది. ఇప్పుడు దాని బదులు పఠన వ్యాప్తి మండలి వారు అన్ని శాఖలకూ కొత్తది పంపారు. బయట కొట్లలో దాన్ని ఆల్ ఇన్ వన్ అంటారట. మండలి వారు అలా అనరు. వారి ఉత్తర్వుల్లో దాని పేరు సర్వైక యంత్రం.

ఉత్తర్వును నాగవేణి పైకి చదివింది. నాగవేణి మా లైబ్రేరియన్. నేను బడి మొహం చూసినదాన్ని కాను. ఈ గ్రంథాలయం పత్రికల గది బెంచీల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను, నాగవేణికి ముందు వచ్చినవాళ్ళ కాలంలో. వాళ్ళందరూ బదిలీల మీద వెళ్ళిపోయారు. అందుకని రోజూ తలుపు తీసే వేళకి వెళ్ళి, నాగవేణి వచ్చిందని చూసుకుని, ఆ తరవాతే కళ్ళజోడు పెట్టుకుంటాను.

"సర్వైక యంత్రమునందు తెర, మెదడు, చెవి, నోరు, కన్ను ఏకశరీరముగా అమర్చబడినవి," అని చదివింది నాగవేణి. "ఇకమీదట సిబ్బంది హాజరు, పాఠకుల రాకపోకలు సదరు యంత్రము యొక్క కన్ను ద్వారా మాత్రమే నమోదగును. చేతిరాత హాజరు తక్షణం రద్దు. యంత్రము చూచినది ఉన్నట్లును, చూడనిది లేనట్లును పరిగణింపబడును. యంత్రము యొక్క రూపము, సామర్థ్యములపై శాఖలు తమ అభిప్రాయములను పంపవలెను."

"అంటే నువ్వు వచ్చావో లేదో అది చూసి చెబుతుందా అమ్మాయ్?"

"అవును పిన్నిగారూ. మొహం చూసి గుర్తుపడుతుందట. మా ఫొటోలు ముందే ఎక్కించారట."

"దానికి చూపు బాగుంటుందా?"

"మనకంటే బాగుంటుందట."

నాకు కొంత ధైర్యం వచ్చింది.

అట్టపెట్టె విప్పి యంత్రాన్ని బల్ల మీద నిలబెట్టగానే పత్రికల గది రెండుగా చీలింది. ఇంకా దానికి కరెంటు ఇవ్వలేదు. రిటైరైన డ్రిల్లు మాస్టారు పరదేశి గారు చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"ఆ నిలబడ్డ తీరు చూడండి! పొట్ట లేదు. వీపు తిన్నగా ఉంది. సర్వీసంతా పిల్లలకి ఇలా నిలబడమనే చెప్పాను. ఒక్క వెధవా నిలబడలేదు."

రైసు మిల్లులో ఇంజను నడిపి మానేసిన ఆదిమూలం గారు దాన్ని వెనక నుంచి చూసి పెదవి విరిచారు. "డబ్బా ఏదండీ? పాతదానికి కాళ్ళ దగ్గర ఇంత డబ్బా ఉండేది. గుర్రుమనేది. పని చేసేది అదండీ. ఇది ఉత్త మొహం. మొహంతో ఏం పని జరుగుద్ది?"

"మీకు చప్పుడు చేస్తేనే పని చేసినట్టు."

"మీకు తిన్నగా నిలబడితేనే పని చేసినట్టు. అందుకే మీ స్కూలు పిల్లలు కవాతులో ఫస్టు, లెక్కల్లో సున్నా."

ఆ రోజు నుంచి కిటికీ పక్క బెంచీ రూపం వారిది, గోడ పక్క బెంచీ సామర్థ్యం వారిది అయింది. కొత్తగా ఎవరైనా పేపరు చదువుకోవడానికి వస్తే ముందు వాళ్ళది ఏ పక్షమో అడిగి, అప్పుడు పేపరు ఇచ్చేవారు. నేను గుమ్మం దగ్గర స్టూలు వేసుకున్నాను.

మా ఊరివాళ్ళే ఇలా ఉన్నారనుకున్నాను. మండలిలోనూ అదే జరిగిందని తరవాత తెలిసింది. శాఖల నుంచి వచ్చిన అభిప్రాయాలను పరిశీలించడానికి రూప విభాగం అని ఒకటి, సామర్థ్య విభాగం అని ఒకటి పెట్టారు. రెండింటికీ వేరే గదులు, వేరే గుమాస్తాలు. అన్నీ ఒకటే అయిన యంత్రం కోసం, ఒకటిగా ఉన్న ఆఫీసును రెండు చేసుకున్నారు. రెండింటి మీదా ఉపసంచాలకులు కోదండపాణి గారు ఉండేవారు. ఆయన ఏ విభాగం వారు మాట్లాడినా తల ఊపేవారు.

ప్రారంభోత్సవానికి మండలి అధ్యక్షుల వారి సతీమణి వచ్చారు. ఇత్తడి పళ్ళెంలో పసుపు, గంధం, కుంకుమ, కొబ్బరికాయ, హారతి. పాత కంప్యూటరు వచ్చినప్పుడు బొట్టు డబ్బాకి పెట్టారు. ఈసారి డబ్బా లేదు. ఆవిడ వేలు గాల్లో ఆగిపోయింది.

"తెర మీద వద్దమ్మా, మరక పడుతుంది. సామర్థ్యం తగ్గుతుంది," అన్నారు సామర్థ్య విభాగం అధికారి.

"పక్కకి పెడితే సమతూకం చెడుతుందమ్మా," అన్నారు రూప విభాగం అధికారి.

తెరకి పైన, అంచుకి సరిగ్గా నడుమ, కందిగింజంత నల్లటి గుండ్రం ఒకటి ఉంది. బొట్టు కోసమే చోటు వదిలినట్టు ఉంది. ఆవిడ అక్కడ చిక్కగా గంధం అద్ది, దాని మీద కుంకుమ దిద్దారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అంత చక్కగా కుదిరింది.

"దీన్ని డిజైన్ చేసినవాడు మనవాడే అయ్యుంటాడు," అన్నారు పరదేశి మాస్టారు.

మర్నాడు పొద్దున నాగవేణి జుట్టు సవరించుకుని యంత్రం ముందు నిలబడి మీట నొక్కింది. తెర వెలిగింది. లోపలి నుంచి తీయటి ఆడగొంతు వినిపించింది.

"ఎదురుగా ఎవరూ లేరు. దయచేసి ఎవరైనా రండి."

నాగవేణి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఎదురుగా ఎవరూ లేరు."

ఇంకో అడుగు వేసింది. ముక్కు తెరకి తగిలింది.

"ఎవరూ లేరు. ధన్యవాదాలు."

ఆదిమూలం గారు బెంచీ మీంచి లేచి వచ్చి చూశారు. ఆ నల్లటి గుండ్రమే యంత్రం కన్ను అని, బొట్టు సరిగ్గా దాని మీదే పడిందని ఆయనే కనిపెట్టారు. కనిపెట్టడం కష్టమేమీ కాదు. అట్టపెట్టె మీద బొమ్మ వేసి ఉంది.

"తుడిచేస్తే సరి," అన్నారాయన.

"తుడవండి," అన్నారు పరదేశి మాస్టారు.

ఆదిమూలం గారు చెయ్యి ఎత్తి దించేశారు. "మా ఆవిడకి ఒంట్లో బావుండటం లేదండీ. లేకపోతే నాకేం. మీరు హేతువాదులు కదా, మీటింగుల్లో మాట్లాడతారు. మీరు తుడవండి."

"నాకు ఇలాంటివాటి మీద నమ్మకం బొత్తిగా లేదు," అన్నారు పరదేశి మాస్టారు. "కానీ ఇవాళ మంగళవారం."

గంగరాజును పిలిచారు. "అమ్మో, నా చేత్తోనా? మా ఆడది నిండు చూలాలండి. నిలబెట్టి బొట్టు తుడవమంటారేంటండి బాబూ!" అని వాడు గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. నేను లేచాను. వాడు నా నుదుటి వంక చూసి, "తవరు కూకోండి మామ్మగారూ. పెద్ద ముత్తయిదువ, తవరికెందుకండి ఈ పని," అన్నాడు. నేను కూర్చున్నాను.

చివరికి నాగవేణి తనే గుడ్డ తడిపి తెచ్చింది. బొట్టుకి బెత్తెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది.

"నావల్ల కావట్లేదు పిన్నిగారూ. వచ్చే నెల ఆయనకి గుండె ఆపరేషను. ఇప్పుడు నా చేత్తో బొట్టు తుడిచానంటే, రేపు ఏదన్నా అయితే..."

ఆపరేషను నాగవేణి ఉద్యోగపు హెల్త్ కార్డు మీద. కార్డు ఉద్యోగం ఉన్నంతకాలం ఉంటుంది. ఉద్యోగం యంత్రం ఆమెను చూసినంతకాలం ఉంటుంది. యంత్రం చూడాలంటే బొట్టు పోవాలి. అలా ముడి పడింది.

ఆదిమూలం గారు ఫ్యాను తెచ్చి యంత్రానికి ఎదురుగా పెట్టారు, ఎండి రాలుతుందని. ఎండింది, సిమెంటులా గట్టిపడింది.

నాగవేణి మండలికి ఫోన్ చేసింది. అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టింది.

"నమస్కారం సార్, కడిమిలంక శాఖ నుంచి నాగవేణిని."

"ఒక్క నిమిషం మేడమ్," అంది అవతల గొంతు. కోదండపాణి గారే. "మీరు గైర్హాజరులో ఉన్నారు."

"లేదు సార్, లైబ్రరీలోనే ఉన్నాను. లైబ్రరీ ఫోన్ నుంచే మాట్లాడుతున్నాను."

"గైర్హాజరులో ఉండి సంస్థ ఫోను వాడటం ఇంకా తీవ్రమైన విషయం మేడమ్."

"సార్, బొట్టు కెమెరాకి అడ్డం ఉంది. తీయించడానికి అనుమతి ఇవ్వండి."

"సదరు తిలకం అధ్యక్షుల వారి సతీమణి గారి స్వహస్తములతో ధరింపజేయబడినది. ప్రారంభోత్సవ ఛాయాచిత్రంలో కూడా ఉన్నది. రూప విభాగం వారు దానిని యంత్రంలో అంతర్భాగంగా నమోదు చేశారు. దానిని తాకవలెనన్న ఉభయ విభాగాల అభిప్రాయం అవసరం. అభిప్రాయ భేదం ఉన్నది."

"అప్పటిదాకా నేను ఏం చెయ్యాలి సార్?"

"రోజూ సక్రమంగా విధులకు హాజరు కండి," అని ఆయన పెట్టేశారు.

నాగవేణి రోజూ వచ్చింది. తుపాను గాలికి కరెంటు పోయిన రోజున కూడా గొడుగు విరగ్గొట్టుకుని వచ్చింది. పొద్దున యంత్రం ముందు నిలబడేది. ఎవరూ లేరని అది ధన్యవాదాలు చెప్పేది. తరవాత వచ్చి పుస్తకాలు ఇచ్చేది. పిల్లలు పరీక్షలకి చదువుకోవడానికి కిక్కిరిసి వచ్చేవారు. అందరినీ యంత్రం లేరనే చెప్పేది. పిల్లలకి అది సరదా అయింది. దాని ముందు గెంతి, నాలుక చాపి, "మేం లేం, మేం లేం" అని పాట కట్టారు.

నేను మాత్రం ఆ గొంతు వినగానే నాగవేణి బల్ల దగ్గర ఉందా అని తిరిగి చూసేదాన్ని. నాగవేణి ఇంటికి వెళ్ళేటప్పుడు రోజూ రేపు వస్తావు కదా అని అడిగేదాన్ని. వస్తాను పిన్నిగారూ అనేది. జీతం ఆగిపోయింది. అయినా వస్తాననేది.

కొన్నాళ్ళకి మండలి నుంచి అట్టహాసంగా ఒక బృందం దిగింది. కార్లోంచి ముందు ఒక పెద్ద షీల్డు దిగింది, దాని వెనక కోదండపాణి గారు, ఆయన వెనక విభాగాలవారు. మా శాఖకి ఉత్తమ శాఖగా పురస్కారం వచ్చింది.

కోదండపాణి గారు మైకు అడిగారు. మైకు లేదన్నాక మైకులో మాట్లాడినట్టే మాట్లాడారు.

"కడిమిలంక శాఖ యావత్తు మండలికి ఆదర్శం. ఇక్కడ ఒక్క పుస్తకమైనా పోలేదు, చిరగలేదు, నలగలేదు. ఒక్క పాఠకుడైనా ఫిర్యాదు చేయలేదు. అసలు పాఠకుల ఒత్తిడియే లేదు. సిబ్బందిపై వ్యయం శూన్యం. ఇతర శాఖలలో జనం వచ్చుచున్నారు, కూర్చొనుచున్నారు, లేచి వెళ్ళుచున్నారు. ఈ శాఖలో మాత్రం సంపూర్ణ క్రమశిక్షణ వెల్లివిరియుచున్నది."

మేం అందరం చుట్టూ నిలబడి విన్నాం. పరీక్షల పిల్లలు చోటు లేక కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నారు.

"సిబ్బంది లేనందున షీల్డు ఎవరికి ఇవ్వాలి సార్?" అని అడిగారు సామర్థ్య విభాగం అధికారి.

"యంత్రానికి ఇవ్వండి. అర్హత దానిదే."

షీల్డు తీసుకెళ్ళి యంత్రం ముందు నిలబెట్టారు. ఎదురుగా ఎవరూ లేరంది అది. కోదండపాణి గారు దానికి నమస్కారం పెట్టారు. ఆ మీదట బ్యాగులోంచి ఒక కవరు తీసి నాగవేణి చేతిలో పెట్టారు. దీర్ఘకాలం విధులకు రాని కారణంగా ఉద్యోగం వదులుకున్నట్టు ఎందుకు భావించరాదో, ఆ రోజు సాయంత్రంలోగా హాజరై చెప్పాలని అందులో ఉంది.

"హాజరై చెప్పమన్నారు కదా సార్. హాజరయ్యాను. చెబుతున్నాను," అంది నాగవేణి. "రోజూ వచ్చాను. ఊరంతా సాక్ష్యం. మా ఆయనకి ఆపరేషను ఉంది సార్. కార్డు పోతే ఆయన్ని బల్ల ఎక్కించరు."

"మీ బాధ మానవతా దృక్పథంతో గ్రహించాను. అందుకే ఉభయ విభాగాల వారినీ వెంట తెచ్చాను. ఇక్కడికిక్కడే విచారణ జరిపి తేల్చేద్దాం," అని ఆయన కుర్చీ లాక్కున్నారు. గంగరాజు టీలు తెచ్చాడు.

విచారణ మొదలైంది.

"మా యంత్రం సామర్థ్యంలో ఏ లోపమూ లేదు," అన్నారు సామర్థ్య విభాగం అధికారి. "చూడనిదాన్ని చూశానని అది ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. లోపమంతా రూపానిది. కన్ను తీసుకెళ్ళి బొట్టు పెట్టేచోట పెట్టారు."

"రూపంలో లోపం లేదు," అన్నారు రూప విభాగం అధికారి. "బొట్టు పెట్టిన తరవాతే ఆ మొహానికి కళ వచ్చింది. దసరా నుంచి అన్ని శాఖల్లోనూ ఇలాగే పెట్టించాలని ప్రతిపాదించాం. లోపం సామర్థ్యానిది. ఒక చిన్న బొట్టు చాటున మనిషిని పోల్చుకోలేని యంత్రం ఏం యంత్రం?"

"అద్గదీ, ఉత్త మొహమని నేను మొదటి రోజే చెప్పాను," అన్నారు ఆదిమూలం గారు గోడ పక్క నుంచి.

"ప్రేక్షకులు మాట్లాడరాదు," అన్నారు కోదండపాణి గారు. "బొట్టు తొలగించే విషయం చూద్దాం. ముందు ఒక మౌలిక ప్రశ్న. ఈ బొట్టు ఎవరి క్షేమార్థం పెట్టబడినది? యంత్రానికి బొట్టు ఉన్నదంటే యంత్రానికి భర్తృస్థానంలో ఒకరు ఉండాలి గదా?"

విభాగాలవారు యంత్రం వెనకా ముందూ చూశారు.

"యూపీఎస్ సార్," అన్నారు రూప విభాగం అధికారి. "కరెంటు పోయినప్పుడు దీన్ని నిలబెట్టేది అదే."

అందరూ బల్ల కింద ఉన్న యూపీఎస్ పెట్టె వైపు చూశారు.

"అది మొన్న గాలివాననాడే పోయిందండి," అన్నాడు గంగరాజు. "కీచుమని అరిచి చచ్చిపోయిందండి. ఆయ్."

"అయితే బొట్టు ఉంచడమే దోషం!" అని సామర్థ్య విభాగం అధికారి కుర్చీలోంచి లేచారు. "వెంటనే తీసెయ్యాలి!"

"ఆగండి. యూపీఎస్ ఇంకా వారంటీలో ఉంది," అన్నారు రూప విభాగం అధికారి. "వారంటీలో ఉన్నది పోయిందని కంపెనీ ఒప్పుకోవాలి. కంపెనీ మనిషి వచ్చి చూసి, పోయింది అని చెప్పేదాకా అది ఉన్నట్టే."

"మరి ఆ మనిషి ఎప్పుడొస్తాడు?"

"వస్తానన్నాడు."

చీకటి పడేలోగా వాళ్ళు వెనక్కి వెళ్ళిపోవాలి. కోదండపాణి గారు గడియారం చూసుకుని ఒక దారి చెప్పారు. "యూపీఎస్ సంగతి అలా ఉంచండి. తొలగించే పని అభ్యంతరం లేని మనిషి చేత చేయిద్దాం. అనగా, సదరు క్రియ వలన కొత్తగా నష్టపోవుటకు ఏమియు లేని స్త్రీ. అట్టివారు ఈ ఊరిలో ఎవరైనా?"

పరదేశి మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు.

"ఈవిడ?" అన్నారు కోదండపాణి గారు నన్ను చూపించి.

"నుదుట బొట్టు ఉంది కదా సార్. అనర్హురాలు," అన్నారు రూప విభాగం అధికారి.

ఆదిమూలం గారికి నోరు ఊరుకోదు. చెడ్డవాడు కాదు. "ఉందనుకోండి. సోమరాజు లారీ ఎక్కి వెళ్ళి నలభై ఏళ్ళు దాటిందండీ! అప్పటికి నేను మిల్లులో కొత్తగా చేరాను. ఆ లారీలో కొబ్బరికాయలు నేనే దగ్గరుండి ఎక్కించాను."

"సోమరాజు అనగా?"

"ఈ సుభద్రమ్మ గారి ఆయనేనండీ."

"వెళ్ళిన మనిషి తిరిగి వచ్చాడా?"

"ఎక్కడండీ."

"పోయినట్టు కబురు ఏమైనా?"

"అదీ లేదు."

కోదండపాణి గారి మొహం విచ్చుకుంది. "అంటే ఈ వ్యవహారం పెండింగులో ఉన్నదన్నమాట! చూశారా, ఒక పెండింగు కేసు పరిష్కరిస్తే ఇంకో పెండింగు కేసు దానంతట అదే పరిష్కారమవుతుంది." నా వైపు తిరిగారు. "అమ్మా, జనాభా లెక్కల వారు వచ్చినప్పుడు మీ వారి విషయం ఏమని చెప్పారు?"

"ఊరెళ్ళారని చెప్పానండి."

"పోయినసారి వచ్చినప్పుడు?"

"ఊరెళ్ళారనే చెప్పాను."

"నలభై ఏళ్ళు దాటింది కదమ్మా! ఏ ఊరు?"

"దూరం ఊరండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. కోదండపాణి గారు నవ్వలేదు. ఆయన మర్యాదగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "ఏడేళ్ళు కబురు లేకపోతే చట్టం ఒప్పుకుంటుందమ్మా. మీరు కూడా ఒప్పుకుంటే సరిపోతుంది. ఒక్క మాట. ఉన్నట్టా, లేనట్టా?"

"సార్, ఆవిడ జోలికి వెళ్ళకండి!" అంది నాగవేణి. నా ముందుకు వచ్చి అడ్డంగా నిలబడింది. "నా ఉద్యోగం పోతే పోనివ్వండి. పెద్దావిడని ఆ మాట అడుగుతారా?"

"మేడమ్, మీరు గైర్హాజరు. దయచేసి మధ్యలో మాట్లాడవద్దు."

నాకు నాగవేణి వీపు కనిపిస్తోంది. జాకెట్టు భుజం దగ్గర కుట్టు వదిలింది. జీతం ఆగాక కొత్తది కుట్టించుకోలేదు. ఆపరేషనుకి వెళ్ళేటప్పుడు ఆసుపత్రి సంచిలో ఏమేం పెట్టాలో వారం నుంచి ఇద్దరం అనుకుంటున్నాం. దుప్పటి, ఫ్లాస్కు, పాత రిపోర్టులు. ఆయన వెళ్ళి, తిరిగి ఇంటికి రావాలి. అంతకంటే నాకు ఏమీ తోచలేదు.

నేను లేచి, టీ బల్ల మీద ఉన్న మంచినీళ్ళలో కొంగు తడిపి, యంత్రం దగ్గరికి వెళ్ళాను. గంధం గట్టిగా ఉంది. మెల్లగా నాననిచ్చి తుడిచాను. ఎర్రటి నీళ్ళు తెర మీద ఒక గీతలా కారాయి. అదీ తుడిచాను.

"ఒకరు కనిపిస్తున్నారు," అంది యంత్రం. "స్వాగతం."

కిటికీ దగ్గర పిల్లలు హోరెత్తారు. నాగవేణిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి యంత్రం ముందు నిలబెట్టాను.

"నాగవేణి గారూ, చాలా రోజులకు వచ్చారు. హాజరు నమోదైంది."

నాగవేణి నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. పరదేశి మాస్టారు, ఆదిమూలం గారు ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. మొహానికి చూపంటే అలా ఉండాలని ఒకరు, చూసి గుర్తుపట్టే వేగం అలా ఉండాలని ఒకరు అనుకుంటున్నారు.

"ఆగండి, ఆగండి," అన్నారు కోదండపాణి గారు. "ఇది చెల్లదు."

అందరూ ఆగారు.

"తొలగించినవారి అర్హత ముందుగా నమోదు కాలేదు. అర్హత ఉన్నవారు తీస్తే, మొదటి రోజు నుంచి యంత్రం చూపుకు అడ్డు ఉన్నదని మండలి ఒప్పుకున్నట్టు. అప్పుడు మేడమ్ మొదటి రోజు నుంచి హాజరు. జీతం, కార్డు, సమస్తం యథాతథం. అర్హత లేనివారు తీస్తే అది సంస్థ ఆస్తికి కలిగించిన నష్టం. ఇప్పుడు నమోదైన హాజరు కొట్టివేయబడును. మేడమ్ ఎన్నడూ లేనట్టు." ఆయన చెమట తుడుచుకున్నారు. ఆయనకూ ఇంటికి వెళ్ళాలని ఉంది. "ఇప్పుడైనా మీ వారి సంగతి చెప్పండమ్మా, అర్హత నమోదవుతుంది. యంత్రానికే చెప్పండి. మీ సొంత మాటల్లో. అది వింటుంది, చూస్తుంది, రాసుకుంటుంది. అన్నీ అందులోనే ఉన్నాయి."

గంగరాజు కుర్చీ జరిపాడు. నేను యంత్రానికి ఎదురుగా కూర్చున్నాను. తెర మీద ఒక ముసలిమొహం కనిపించింది. నుదుట బొట్టు ఉంది. దాన్ని తుడవమని ఎవరూ అనలేదు. అన్నా తుడిచేదాన్ని కాను.

"వద్దు పిన్నిగారూ," అంది నాగవేణి వెనక నుంచి.

"వివరం చెప్పండి," అంది యంత్రం.

చెప్పాను.

"మా ఆయన పేరు పెచ్చెట్టి సోమరాజు. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి, జూలై ఎనిమిది, బుధవారం పొద్దున కొబ్బరికాయల లారీ మీద కటకం వెళ్ళారు. తిరిగి రాలేదు."